కృష్ణలో ఇసుక తవ్వకం, చేపల సంఘానికి నష్టం: లెక్క ఎట్ల చూపాలె?

2024 నవంబరులో కేంద్రం కేరళలోని కొల్లం తీరాన సముద్రపు ఇసుక బ్లాకులు వేలానికి పెట్టినప్పుడు అక్కడి మత్స్యకారులు రోడ్డెక్కిన్రు. మా పాలమూరు వైపు సముద్రం లేదు గానీ బాధ అదే. కృష్ణలో ఇసుక తీసిన చోట గుంతలు పడి, అంచు నిటారుగా తెగుతున్నది. వల అడుగున గుండ్లు ఆ అంచుకు చిక్కి వల చినుగుతున్నది. బురద లేచిన నీళ్లల్ల చేప గుడ్లు నిలవవు.

2016 కేంద్ర మార్గదర్శకాల్లో తవ్వే లోతు 3 మీటర్లకు మించొద్దని ఉంది. లోతు కొలిచేందుకు రెండు కిలోల రాయి కట్టిన తాడుకు అర మీటరుకొక ముడి వేసి పుట్టిలో తిరుగుతున్నం. చిక్కేందంటే, వెనుక జలాల మట్టం రోజూ మారుతది. అందుకే ఒడ్డు బండ మీద రంగు గీత కొట్టి, దాన్నుంచే లెక్క తీస్తున్నం. నీళ్ల మసక కొలవడానికి 20 సెంటీమీటర్ల తెల్ల పళ్లెం దించి, కనబడకుండ పోయిన లోతు రాసుకుంటున్నం.

తెలిసినోళ్లు చెప్పండి:

గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే జాతీయ ట్రిబ్యునల్) చట్టం 14వ సెక్షన్ కింద కేసు వేసే గడువు 6 నెలలే, 15 కింద నష్టపరిహారానికి 5 ఏండ్లు. తవ్వకం ఇంకా నడుస్తుంటే 6 నెలలు ఏ రోజు నుంచి లెక్కిస్తరు? వ్యక్తులుగ కాక సహకార సంఘం పేరున వేస్తే తీర్మానం కాపీ చాలా? తవ్వకానికి ముందటి లోతు మా దగ్గర లేదు, అధికారిక సర్వే పటం ఎవరిని అడగాలె? మా తాడు లెక్కలు సాక్ష్యంగ నిలుస్తయా?