తాతయ్య చెప్పే హద్దు ఒకచోట, ఇప్పుడున్న గట్టు ఇంకోచోట

ప్రశ్న: మాది కృష్ణా డెల్టాలో మాగాణి. పాస్‌బుక్కులో 2 ఎకరాల 40 సెంట్లు ఉంది. మొన్న టేపు పట్టి కొలిస్తే 2 ఎకరాల 31 సెంట్లే వచ్చింది. పక్క చేను మా బాబాయిది. ఆయనే గట్టు జరిపాడని మా అన్నయ్య గొడవ. తాతయ్యేమో "అక్కడ గట్టు కాదురా, బండి బాట ఉండేది" అంటున్నారు. ఆయనకి 84 ఏళ్లు. ఆ మాట పనికొస్తుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పకుండా పనికొస్తుందండీ. మీ చేను పొడవెంత?

ప్రశ్న అడిగినవారు: 132 గజాలు.

జవాబు: సెంటుకి 48.4 చదరపు గజాలు. తొమ్మిది సెంట్లంటే 435 పైన. దాన్ని 132తో భాగిస్తే 3.3 గజాలు, అంటే పది అడుగులు. ఎద్దుల బండి సుఖంగా పోయే వెడల్పు! ట్రాక్టర్లు వచ్చాక ఇలాంటి బాటలు ఎన్నో చేలల్లో కలిసిపోయాయి. ఏటా దమ్ము చేసేటప్పుడు గట్టు కాస్త చెక్కుతారు, ఇరవై ఏళ్లకి అది ఎక్కడికో పోతుంది. బాబాయి గారిని అప్పుడే దొంగని చేయకండి.

అసలు తేలాల్సింది ఆ బాట మీ సర్వే నంబరులోదా, లేక ప్రభుత్వ డొంకా అన్నది. డొంకైతే ఇద్దరిదీ కాదు. ఎఫ్.ఎం.బి. (మీ సర్వే నంబరు హద్దులు, కొలతలు ఉండే సర్వే పటం) నకలు తీసుకోండి. పాతదైతే కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, 66 అడుగులు. మీ పొడవు 600 లింకులు ఉండాలి.

తాతయ్యని మంచం మీద కూర్చోబెట్టి అడక్కండి, చేలోకి తీసుకెళ్లండి. "హద్దు ఎక్కడ?" అని కాదు, "నాగలి ఎక్కడ తిప్పేవాడివి? బోదె నీళ్లు ఎక్కడ మళ్లించేవాడివి?" అని అడగండి. కాళ్లకి గుర్తుంటుంది. బాబాయి గారు కూడా పక్కన ఉండాలి, అది ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు: నిన్న వెళ్లాం. తాతయ్య తాటి మొద్దు దగ్గర ఆగి, కర్రతో నేల మీద పొడిచి "ఇక్కడ తవ్వండి" అన్నారు. బాబాయే గడ్డపార తెచ్చాడు. మూరెడు లోతున సర్వే రాయి తగిలింది, ఇప్పటి గట్టుకి అవతల. బాట మా నంబరులోనే ఉందని ఎఫ్.ఎం.బి.లో కనిపిస్తోంది. రాయి కదపలేదు.

జవాబు: చాలా మంచి పని చేశారు. దాన్ని అలాగే ఉంచండి, ఫొటోలు తీయండి. గట్టు మీరే మార్చేయకుండా గ్రామ సచివాలయంలో, సర్వేయర్ వచ్చి హద్దు కొలిచి చూపించే ఎఫ్-లైన్‌కి దరఖాస్తు పెట్టండి. సర్వేయర్ వచ్చిన రోజు తాతయ్యకి ఒక కుర్చీ వేసి అక్కడే కూర్చోబెట్టండి.