స్పోర్ట్స్ కారు టైరులో గాలి దిగితే ఇంత బిల్లా?

ఆరు సిలిండర్లు:
నా కారు వెనక టైరులో గాలి నెమ్మదిగా దిగిపోతోంది. నింపిన కొద్ది రోజులకే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతోంది. మేకు లాంటిదేదీ కంటికి కనిపించలేదు. సైజు 305/30 జెడ్‌ఆర్ 21. ఒక షాపువారు చక్రం వైపు కన్నెత్తి చూడకుండానే, మామూలు కారు పంక్చరుకు అడిగేదానికి ఎన్నో రెట్లు చెప్పారు. ఇంకొకరు రిపేరు చేయనే చేయమని, వెనక టైర్లు రెండూ మార్చుకోవాలని తేల్చేశారు. ఎంత ఖరీదైన కారుకైనా రబ్బరు రబ్బరే, రంధ్రం రంధ్రమే కదా? ఇది బానెట్ మీది బొమ్మను చూసి చెప్పే రేటు కాక మరేమిటి?

పానా పట్టినవాడు:
ఈ పనిలోనే ఉన్నాను కనుక చెబుతున్నాను. రంధ్రం పూడ్చడం చిన్న పనే. అక్కడికి చేరుకోవడమే కష్టం. 305/30 అంటే టైరు పక్కగోడ ఎత్తు దాని వెడల్పులో 30 శాతం, అంటే సుమారు 92 మిల్లీమీటర్లు. మామూలు 185/65 టైరులో అది 120 దాకా ఉంటుంది. పొట్టిగా, బిరుసుగా ఉండే ఆ గోడను ఇనప కడ్డీతో ఎత్తబోతే రిమ్ము గీసుకుపోతుంది, లేదా లోపలి ప్రెషర్ సెన్సార్ విరుగుతుంది. కడ్డీ అవసరం లేని మెషీన్లు ఉన్నాయి, కానీ అవి అన్ని షాపుల్లోనూ ఉండవు. కారు నేలకు ఆనుకున్నట్టుంటుంది కాబట్టి మామూలు జాకీ కిందికి దూరదు. తప్పుచోట ఎత్తితే కారు అడుగుభాగం నలుగుతుంది. కొన్ని కార్లకు చక్రం మధ్యలో ఒకే ఒక్క పెద్ద నట్టు ఉంటుంది. పోర్షె 911 జీటీ3లో దాన్ని 600 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలంతో బిగించాలి, అదీ ప్రత్యేకమైన పానాతో. రిమ్ము మీద గీత పడితే కొత్తది కొనివ్వాల్సింది మేము. ఆ భయానికి కూడా ధర ఉంటుంది.

వంకర ప్రశ్న:
భయానికి ధర వేయండి, కాదనను. కానీ మీరు చెప్పిందంతా చక్రం విప్పాక వచ్చే ఖర్చు. విప్పాలో వద్దో తేలకముందే మొత్తం చెప్పడం ఎలా కుదురుతుంది? గాలి దిగడానికి మేకు ఒక్కటే కారణం కాదు. వాల్వు లోపలి చిన్న పిన్ను వదులైనా దిగుతుంది. అది మార్చడానికి టైరు ఊడదీయనక్కర్లేదు. సబ్బు నీళ్లు పోసి వాల్వు, ట్రెడ్డు (రోడ్డును తాకే గాళ్ల భాగం), రిమ్ము రెండు అంచులు, అల్లాయ్ లోపలి వైపు వరుసగా చూస్తే చాలా వరకు తేలిపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఇంకో మాట. చలి పెరిగినప్పుడు ఈ గొడవ మరీ ఎక్కువ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే ప్రెషర్ ఒకటిన్నర నుంచి రెండు పీఎస్‌ఐ దాకా తగ్గుతుంది. అలా తగ్గితే నాలుగు చక్రాల్లోనూ తగ్గాలి. ఒక్కదానిలోనే అయితే అది లీకే.

నెమ్మది ప్రయాణం:
రిపేరు చేయబోమన్న షాపును తిట్టేముందు ఒక సంగతి చూడండి. టైరు మీద వై అక్షరం ఉంటే గంటకు 300 కిలోమీటర్ల వేగానికి తట్టుకుంటుందని అర్థం. రిపేరు తర్వాత ఆ హామీ నిలుస్తుందా అంటే కంపెనీలన్నీ ఒకే మాట చెప్పవు. కొన్ని షరతులతో ఒప్పుకుంటాయి, కొన్ని ఆ వేగం లెక్క ఇక చెల్లదంటాయి. అమెరికా టైరు తయారీదారుల సంఘం నియమం ప్రకారం రంధ్రం 6 మిల్లీమీటర్లు మించకూడదు, ట్రెడ్డు భాగంలోనే ఉండాలి, టైరు ఊడదీసి లోపలి నుంచి రంధ్రాన్ని నింపే ప్లగ్గు, దాని మీద అతికించే ప్యాచ్ రెండూ వేయాలి. బయటి నుంచి పుల్ల గుచ్చి పంపేస్తే అది రిపేరు కిందికి రాదు. మేకు పక్కగోడలో దిగితే ఇక చర్చే లేదు.

ఆరు సిలిండర్లు:
నేను 300 వేగంతో ఎక్కడికి వెళతాను? నగరంలో 60 దాటితే గొప్ప.

పానా పట్టినవాడు:
మీరు వెళ్లరు సరే, రేపు మీ కారు కొన్నవారు వెళతారేమో! అయినా నా భయం వేగం గురించి కాదు. ఇలాంటి టైరులో గాలి సగానికి పడిపోయినా బయటికి నిండుగానే కనిపిస్తుంది. ఆ స్థితిలో కొంత దూరం నడిపితే గోడ లోపలివైపు నలిగి, రబ్బరు పొడి రాలుతుంది. ఊడదీసి చూస్తే తప్ప అది తెలియదు. పొడి కనిపిస్తే నేనూ రిపేరు చేయను. పైగా చాలా స్పోర్ట్స్ కార్లలో స్టెప్నీ ఉండదు, జిగురు సీసా ఇస్తారు. దాన్ని పోశాక లోపలంతా కడిగి తీయడం అదనపు చాకిరీ. శబ్దం తగ్గించేందుకు లోపల స్పాంజి అతికించిన టైరయితే ఆ ముక్కను కోసి, ప్యాచ్ వేసి, మళ్లీ అతికించాలి.

వంకర ప్రశ్న:
ఇలా కారణం చెబితే ఎవరూ గొడవ పడరు. "రెండూ మార్చాలి" అని ఊరుకోవడమే నాకు నచ్చదు. ఒకే ఇరుసు మీద ఒకటి అరిగినది, ఒకటి కొత్తది ఉంటే పట్టు సమానంగా ఉండదు, డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ ఇంజను బలాన్ని పంచే గేర్ల పెట్టె) మీద భారం పడుతుంది. నిజమే. కానీ ఉన్న టైరు కొత్తదనానికి దగ్గరగా ఉంటే రెండోది మార్చడం దేనికి? ట్రెడ్డు లోతు కొలవడానికి నిమిషం చాలు. కొలిచి, కాగితం మీద రాసివ్వమనండి.

ఆరు సిలిండర్లు:
మూడో షాపుకు వెళ్లాను. సబ్బు నీళ్లకు బుడగలు వచ్చింది రిమ్ము లోపలి అంచు దగ్గర. అల్లాయ్ పూత పెచ్చులూడి, టైరు ఆనేచోట తుప్పు పట్టి గరుకుగా ఉంది. విప్పి, గోడ లోపల నలగలేదని చూపించి, అంచు శుభ్రం చేసి, సెన్సార్ వాల్వుకు కొత్త రబ్బరు వేసి, బ్యాలెన్సింగ్ చేశారు. ప్రతి పనికీ విడిగా రేటు రాశారు. మొత్తం తక్కువేమీ కాదు, అయినా ఆనందంగా ఇచ్చాను. మొదటి షాపువారు అడిగిన మొత్తం దేనికో నాకు ఇప్పటికీ తెలియదు. వెనక టైర్లు మాత్రం రెండూ పాతవే.

నెమ్మది ప్రయాణం:
రిమ్ములో సన్నని పగులు లేదని రూఢి చేసుకున్నారా? గుంతలో పడ్డ పొట్టి టైర్లకు అది మామూలే. పగులు ఉంటే వెల్డింగ్ చేయించవద్దు, రిమ్మే మార్చాలి.

పానా పట్టినవాడు:
వెల్డింగ్ మాటకు వస్తే నేను పూర్తిగా ఒప్పుకోను. పగులు ఎక్కడన్నదాన్ని బట్టి ఉంటుంది. దానికి వేరే చర్చ తెరుద్దాం.