పత్తి దిగుబడిలో బ్రెజిల్‌తో మనకు పోలిక సరిగ్గా చూడడం ఎలా?

ప్రత్తిపాడు రైతు:
వర్ధమాన దేశాల పత్తి దిగుబడులను పోల్చిన పట్టిక ఒకటి చూశాను. అందులో భారతదేశానికి హెక్టారుకు సుమారు 450 కిలోలు, బ్రెజిల్‌కు 1,800 కిలోలు చూపారు. నిరుడు మా నల్లరేగడి చేలో ఎకరాకు 8 క్వింటాళ్లు వచ్చింది. అంటే హెక్టారుకు దాదాపు 2,000 కిలోలు. ఈ లెక్కన నేను బ్రెజిల్ రైతును మించిపోయాను! నమ్మబుద్ధి కావడం లేదు. పొరపాటు ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరు.

గుంటూరు జిన్నింగ్ గుమాస్తా:
పొరపాటు తూకంలో కాదండీ, తూచిన సరుకులో ఉంది. మీరు చెప్పింది గింజతో ఉన్న పత్తి, పట్టికలో ఉన్నది గింజ తీసిన దూది. మా మిల్లులో క్వింటా పత్తి ఆడిస్తే 33 నుంచి 35 కిలోల దూది దిగుతుంది. ఆ ప్రకారం మీది 670 కిలోల దగ్గర తేలుతుంది. దేశ సగటు కంటే మేలే. వరిలోనూ ఇదే తికమక. మన ప్రభుత్వ లెక్కలు బియ్యంలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్కలు వడ్లలో ఉంటాయి. హెక్టారుకు మన 2.8 టన్నుల బియ్యాన్ని చైనా 7 టన్నుల వడ్ల పక్కన నిలబెట్టి మన రైతును తిట్టిపోసేవాళ్లున్నారు. అవి 4.2 టన్నుల వడ్లకు సమానమని ఒక్కరూ చెప్పరు.

విశ్రాంత వ్యవసాయాధికారి, విజయవాడ:
గుమాస్తాగారి సవరణ తరువాత కూడా తేడా రెండున్నర రెట్లకు పైనే మిగులుతుంది కనుక, దాన్ని లెక్కల మాయగా కొట్టిపారేయలేము. నీళ్లు కారణమని చాలామంది అంటారు గాని, బ్రెజిల్‌లో పత్తి ఎక్కువగా పండే మాటో గ్రోసో రాష్ట్రంలో సోయా కోసిన చేలోనే, ఎక్కువగా వర్షాధారంగానే పత్తి వేస్తారు. అసలు తేడా విత్తనంలో ఉంది. వారు సూటి రకాలను, అంటే హైబ్రిడ్ కాని, పంట నుంచే మళ్లీ విత్తనం కట్టుకోగల రకాలను ఒత్తుగా వేసి, యంత్రంతో ఒక్కసారే తీస్తారు. మనం ఏటా హైబ్రిడ్ విత్తనం కొంటాము. ఆ ధరకు ఒత్తుగా వేయలేక ఎడం పెంచి, కూలీలతో మూడు నాలుగు తీతలు తీయిస్తాము. పంట ఎక్కువ కాలం చేలో నిలిచేకొద్దీ గులాబీ రంగు పురుగుకు పండగే. అయితే మన సగటు కమతం 2015-16 గణన ప్రకారం 1.08 హెక్టార్లు, వారి యంత్రం మన గట్ల మధ్య తిరగదు.

ప్రత్తిపాడు రైతు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈసారి అరెకరంలో ఒత్తుగా వేసి చూడాలనుంది. సూటి రకం విత్తనం మన వైపు ఎక్కడ దొరుకుతుంది?

విశ్రాంత వ్యవసాయాధికారి, విజయవాడ:
గుంటూరు దగ్గరి లాం ఫారంలో, అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడగండి. వెళ్లేముందు మట్టి పరీక్ష చేయించుకుని, ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.