ఇంగ్లీషు పాఠాలు: గైడు జవాబు నోటికి వస్తోంది, ప్రశ్న మారిస్తే రావట్లేదు. ఎక్కడ తేడా?

పెన్సిలుగీత అడిగిన ప్రశ్న:

హైస్కూలు స్థాయి ఇంగ్లీషు రీడర్ గురించి అడుగుతున్నాను. కథలు, కవితలు, ఒకటో రెండో నాటక భాగాలు, ప్రతి పాఠం చివర కాంప్రహెన్షన్ ప్రశ్నలు. ఆ ప్రశ్నలకు జవాబులు అప్పజెప్పమంటే పిల్లలు గడగడా చెప్పేస్తారు. అదే పాఠంలోంచి నాలుగు లైన్లు ఇచ్చి కొత్తగా ఒక ప్రశ్న వేస్తే మాత్రం పాఠం కథంతా రాసేస్తారు, అడిగినదానికి తప్ప. నా సందేహాలు మూడు. ముందు ప్రశ్నలు చూసి పాఠం చదవాలా, పాఠం చదివి ప్రశ్నలకు రావాలా? జవాబులో పాఠంలోని మాటల్ని ఎంతవరకు వాడొచ్చు? విషయం సరిగ్గానే ఉన్న జవాబుకు కూడా మార్కులు ఎందుకు తెగుతాయి?

కామా:

మొదటి సందేహానికి రెండు జవాబులు ఉన్నాయండీ. ఎప్పుడూ చూడని పాసేజ్ అయితే ప్రశ్నల మీద ఒక నిమిషం కన్నేసి పాసేజ్‌కి వెళ్లడం మేలు, ఎందుకంటే అక్కడ టైము తక్కువ. ఏడాదంతా చదివే పాఠానికి అలా చేయకూడదు. ప్రశ్నలు ముందు చూస్తే కన్ను జవాబున్న లైన్ల కోసమే వెతుకుతుంది, మిగతా పేజీ చదివినట్టే ఉంటుంది గాని చదవరు. రేపు కొత్త ప్రశ్న వచ్చేది ఆ చదవని పేజీ నుంచే.

పాఠాన్ని మూడుసార్లు చదివించండి. మొదటిసారి డిక్షనరీ లేకుండా, ఆగకుండా. రెండోసారి ప్రతి పేరాకి నంబరు వేసి, పక్కన నాలుగైదు మాటల్లో అందులో ఏం మారిందో రాయించండి. ఏం జరిగిందో కాదు, ఏం మారిందో: 'అప్పటిదాకా కోపం, ఇక్కడ భయం' అన్నట్టు. మూడోసారి ప్రశ్నలు పక్కన పెట్టుకుని.

ఇక పిల్లలు తప్పే అసలు చోటు ప్రశ్న రకం పోల్చుకోవడం. టాఫీ రాఫెల్ అనే విద్యా పరిశోధకురాలు 1980లలో ప్రశ్నలను జవాబు ఎక్కడ దొరుకుతుందన్న దాన్నిబట్టి నాలుగుగా విడదీశారు. జవాబు ఒకే వాక్యంలో ఉండేవి, రెండు మూడు చోట్ల నుంచి ఏరి కలపాల్సినవి, రచయిత ఇచ్చిన ఆనవాళ్లకు మన ఊహ జతచేయాల్సినవి, పాఠం తెరవకుండానే చెప్పగలిగేవి. ఒక చిన్న ముక్క కల్పించి చూపిస్తాను:

'ది ఓల్డ్ మ్యాన్ ఫోల్డెడ్ ది లెటర్ ట్వైస్, స్లిప్ట్ ఇట్ అండర్ ది క్లాక్ అండ్ ఆస్క్‌డ్ ఇఫ్ ఎనీవన్ వాంటెడ్ టీ. నోబడీ డిడ్. హి మేడ్ ఫోర్ కప్స్.'

ఉత్తరం ఎక్కడ పెట్టాడు? ఒకే వాక్యంలో ఉంది, వేలు పెట్టి చూపొచ్చు. గదిలో ఎంతమంది ఉన్నారు? నాలుగు కప్పుల్ని బట్టి నలుగురు అనిపిస్తుంది, కానీ ముందు పేరాల్లో ఎవరెవరు వచ్చారో లెక్క చూసి గాని ఖాయం చేయకూడదు. అందరూ వద్దన్నా టీ ఎందుకు పెట్టాడు? ఇది మూడో రకం. జవాబు ఏ లైనులోనూ లేదు, అయినా మూడు ఆనవాళ్లున్నాయి: ఉత్తరాన్ని మడిచి కనబడకుండా పెట్టడం, మాట మార్చడం, అడగని పని చేయడం. దుర్వార్త వెంటనే చెప్పడం మంచిదా? నాలుగోది.

గైడు మీద ఆధారపడ్డ పిల్లలకు మొదటి రకం వస్తుంది, మూడోది రాదు. అందుకే ప్రశ్న చదవగానే జవాబు రాయొద్దనండి. ముందు పక్కన 1, 2, 3, 4లో ఏ రకమో వేయించండి. ఒక పాఠం మొత్తానికి ఇదొక్కటే చేసినా నష్టం లేదు.

విరామచిహ్నం:

రెండో, మూడో సందేహాలకు.

ముందు ప్రశ్నలోని క్రియ చూడాలి. 'స్టేట్', 'ఐడెంటిఫై', 'నేమ్' అంటే ఒక మాటో ఒక వాక్యమో చాలు, కారణం రాస్తే టైము వృథా. 'డిస్క్రైబ్' అంటే ఎలా ఉందో, 'ఎక్స్‌ప్లెయిన్' అంటే ఎందుకో. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లనే 'కథంతా రాసేయడం' జరుగుతుంది. 'హౌ డజ్ ది రైటర్ షో' అని మొదలైతే పాత్ర ఏం చేసిందన్నది సగమే. రచయిత ఏ మాట ఎంచుకున్నాడు, ఏది చెప్పకుండా వదిలేశాడు అన్నది మిగతా సగం. 'ఇన్ యువర్ ఓన్ వర్డ్స్' అని ఉంటే పాఠంలోని వాక్యాన్ని యథాతథంగా దించడం నేరుగా తప్పే. అది లేకపోతే కోట్ చేయొచ్చు, చేయాలి కూడా, కాని మూడు నుంచి ఆరు మాటలకు మించొద్దు, కొటేషన్ గుర్తుల్లో, సొంత వాక్యంలో కలిసిపోయేలా.

కామా గారి ఉదాహరణకే జవాబు కడదాం. బలహీనమైన జవాబు: 'హి ఈజ్ శాడ్.' తప్పేం కాదు, కానీ పాఠం చదవనివాడూ ఇది రాయగలడు. మెరుగైనది ఇలా ఉంటుంది: 'ది ఓల్డ్ మ్యాన్ వాంట్స్ టు అవాయిడ్ టాకింగ్ అబౌట్ ది లెటర్. దో "నోబడీ" వాంట్స్ టీ, హి మేక్స్ "ఫోర్ కప్స్", విచ్ సజెస్ట్స్ దట్ హి నీడ్స్ సమ్‌థింగ్ టు డు విత్ హిజ్ హ్యాండ్స్.' రెండే వాక్యాలు. ఇందులో మూడు పనులు జరిగాయి: విషయం చెప్పాం, ఆధారం చూపాం, ఆ ఆధారం దేన్ని నిరూపిస్తుందో చెప్పాం. ఈ మూడోది దాదాపు అందరూ వదిలేస్తారు. కోట్ పెట్టేసి చేతులు దులుపుకుంటే దిద్దేవాళ్లకు మిగిలేది పాఠంలోని వాక్యమే. 'సజెస్ట్స్', 'ఇంప్లైస్', 'షోస్' అనే మూడు క్రియలు నేర్పితే మూడో పని దానంతటదే రాయాల్సి వస్తుంది.

పొడవు సంగతి: 2 మార్కులంటే సాధారణంగా రెండు విషయాలు, లేదా ఒక విషయం, దానికి ఆధారం. 5 మార్కులకు రెండో మూడో విషయాలు, ప్రతిదానికీ ఆధారం. ఒకే విషయాన్ని మూడు రకాలుగా తిప్పి రాస్తే అది ఒక్క విషయమే.

ఇక సరైన జవాబుకు మార్కులు తెగేది ఎక్కువగా భాషలో. మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తప్పులు కొన్ని ఉన్నాయి, తెలుగు వాక్యం అడుగున ఉండటమే కారణం.

ప్రశ్ననే జవాబుగా తిప్పడం. 'వై డిడ్ ది బాయ్ హైడ్ ది కీ?' అన్నదానికి 'ది బాయ్ డిడ్ హైడ్', 'ది బాయ్ డిడ్ హిడ్' అని రాస్తారు. ప్రశ్నలోని 'డిడ్' ఊడిపోతూ తన భూతకాలాన్ని క్రియకు అప్పగించి పోతుంది, కాబట్టి 'ది బాయ్ హిడ్ ది కీ బికాజ్' అవ్వాలి. ఒక పది ప్రశ్నలు తీసుకుని జవాబులు అక్కర్లేకుండా ఈ మొదటి సగం మాత్రమే రాయించండి. పావుగంట పని.

'బికాజ్'తో మొదలుపెట్టి అక్కడే చుక్క పెట్టేయడం ఇంకొకటి. నోటితో చెప్పేటప్పుడు పరవాలేదు, రాతలో అది అసంపూర్ణ వాక్యం.

'ఆల్‌దో' పెట్టి మళ్లీ 'బట్' పెట్టడం. 'వాన పడినా కూడా, కానీ వెళ్లాడు' అని తెలుగులోనూ రాయం కదా, ఇంగ్లీషులో మాత్రం రాసేస్తాం. రెంటిలో ఒకటే ఉండాలి.

కర్త లేకపోవడం. తెలుగులో 'వచ్చాడు, చూశాడు, వెళ్లిపోయాడు' అంటే చాలు. ఇంగ్లీషులో ప్రతిచోటా 'హి' కావాలి, ఆ 'హి' ఎవరో తెలియాలి. తండ్రీ కొడుకులున్న కథలో నాలుగు 'హి'లు వరసగా వస్తే దిద్దేవాళ్లకు ఎవరు ఎవర్ని కొట్టారో అర్థం కాదు. పేరాకు ఒకసారైనా పేరు రాయించండి.

కాలం మారిపోవడం. కథలో జరిగేదాన్ని వర్తమానంలో చెప్పడం సాహిత్య జవాబుల్లో వాడుక: 'ది ఓల్డ్ మ్యాన్ ఫోల్డ్స్ ది లెటర్'. భూతకాలంలో రాసినా కొంపలు మునగవు, ప్రశ్న 'డిడ్'తో అడిగితే అదే సహజం. ఒకే జవాబులో అటూ ఇటూ గెంతడమే తప్పు.

పదానికి అర్థం అడిగే ప్రశ్నలకు ఒక పరీక్ష ఉంది. మీ మాటను ఆ వాక్యంలోనే పెట్టి చదవాలి. 'ది వాటర్ వజ్ స్టిల్' అన్నచోట 'స్టిల్'కు 'ఇంకా' అనుకుని 'ఈవెన్ నౌ' అని రాస్తారు. వాక్యంలో పెట్టగానే కుదరదని తెలుస్తుంది. క్రియకు క్రియ, భూతకాలానికి భూతకాలం రావాలి: 'స్లిప్ట్'కు అర్థం 'పుట్ క్వైట్లీ' గాని 'పుటింగ్' కాదు.

పాతనోట్‌బుక్:

పై ఇద్దరూ చెప్పినదానితో పేచీ లేదు గాని, బట్టీని పూర్తిగా తీసేయమంటే ఒప్పుకోను. కొన్ని నోటికి రావాలి: పాత్రల పేర్లు స్పెల్లింగుతో సహా, సంఘటనల వరస, ఒక్కో పాఠం నుంచి నాలుగైదు చిన్న కోట్‌లు. ఇవి లేకుండా ఊహ చేయడానికి సరుకు ఎక్కడిది? తయారు జవాబు మొత్తం బట్టీ పట్టడమే దండగ, ఎందుకంటే దాని మొదటి వాక్యం గుర్తు రాకపోతే మిగతాదంతా పోతుంది.

ఆ సరుకైనా పదే పదే చదివితే నిలవదు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరు ఒక చిన్న గద్యభాగాన్ని రెండోసారి చదివారు, మరికొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు: వాళ్లకు 81 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 75 శాతం. వారం తర్వాత తిరగబడింది: చదివినవాళ్లు 42, రాసినవాళ్లు 56. రాత్రి చదివి పొద్దున అప్పజెప్పించుకునే పద్ధతి మనల్ని ఎలా మోసం చేస్తుందో ఆ మొదటి జత అంకెల్లోనే ఉంది.

నోట్‌బుక్ పేజీని నిలువునా మూడు చేయండి. ఎడమ ప్రశ్న, మధ్యలో పేరా నంబరు, కుడివైపు జవాబు ముక్కలుగా, పూర్తి వాక్యాల్లో కాదు. మర్నాడు కుడివైపు మూసి జవాబు పూర్తి వాక్యాల్లో రాయించాలి. మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి మళ్లీ. ముక్కల నుంచి ప్రతిసారీ కొత్తగా వాక్యం కట్టాల్సి వస్తుంది కాబట్టి ప్రశ్న మారినా చెయ్యి ఆగదు.

ప్రశ్నలు కూడా పిల్లలే తయారు చేయాలి. పేరాకు రెండు చాలు: జవాబు కనబడేది ఒకటి, కనబడనిది ఒకటి. కనబడనిది తయారు చేయడం రాకపోతే ఒక చిట్కా: పేరాలో ఒక వివరం తీసేసి, అది లేకపోతే ఏం పోతుందని అడగడం. పైన 'ఫోర్' బదులు 'వన్' పెట్టి చూడండి. టీ ఎందుకు పెట్టాడన్న జవాబే మారిపోతుంది.

పెన్సిలుగీత:

చాలా ఉపయోగంగా ఉంది. కవితలకు కూడా ఇదే పద్ధతా? అక్కడ పిల్లలు 'మెటఫర్' (ఒకదాన్ని ఇంకొకటే అనేయడం), 'పర్సానిఫికేషన్' (వస్తువును మనిషిలా చూపడం) అని పేరు రాసి ఆగిపోతున్నారు. 'టోన్', అంటే కవిత గొంతులోని భావం, అడిగితే అన్నిటికీ 'శాడ్' లేదా 'హ్యాపీ'.

విరామచిహ్నం:

పేరు పెట్టడం మొదటి రకం ప్రశ్న, దానికి ఒక మార్కు. ఆ తర్వాత రెండు అడగాలి: దేన్ని దేనితో పోల్చారు, ఆ రెంటిలో కలిసే గుణం ఏది. 'ఫాగ్' ఒక 'బ్లాంకెట్' అన్నారంటే కప్పేయడం కావచ్చు, వెచ్చదనం కావచ్చు, ఊపిరాడకపోవడం కావచ్చు. ఏదన్నది చుట్టుపక్కల లైన్లే తేలుస్తాయి. అక్కడిదాకా వెళ్తే జవాబు పూర్తయినట్టు. ఇంకొకటి, 'లైక్' కనబడిన ప్రతిచోటా సిమిలీ (ఉపమ) కాదు. 'హి లుక్స్ లైక్ హిజ్ ఫాదర్' మామూలు పోలికే. వేరు జాతి వస్తువుల్ని పోలిస్తేనే సిమిలీ.

'ది పొయెట్ ఈజ్ శాడ్' అని రాయనీయకండి. కవితలో 'ఐ' అన్నది కవి కాకపోవచ్చు, ముసలివాడో పక్షో సైనికుడో కావచ్చు. 'ది స్పీకర్' అని రాస్తే ఏ కవితకైనా సరిపోతుంది. కథల్లో అదే తీరున 'ది నరేటర్'.

కామా:

టోన్‌కి ఒక పట్టిక గోడకి అంటించండి. 'శాడ్' కింద 'రిగ్రెట్‌ఫుల్', 'లోన్లీ', 'బిటర్', 'రిజైన్డ్'. 'హ్యాపీ' కింద 'ప్లేఫుల్', 'కంటెంట్', 'రిలీవ్డ్', 'ప్రౌడ్'. ఒక్కోదానికి తెలుగులో అర్థం రాయించండి. 'రిజైన్డ్' అంటే ఉద్యోగం మానేయడం అనుకుంటారు, ఇక్కడ 'ఇంతేలే' అని సరిపెట్టుకోవడం. జవాబులో రెండు మాటలు అడగండి, కవిత మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. చాలా కవితల్లో టోన్ మధ్యలో మారుతుంది, ఆ మారే చోట 'బట్', 'యెట్', 'నౌ' లాంటి చిన్న మాట తరచుగా కనబడుతుంది. దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టించండి.

పెన్సిలుగీత:

ఒక పాఠానికి ఇదంతా చేస్తే ఎంత టైము పడుతుంది?

పాతనోట్‌బుక్:

నాలుగు పేజీల కథకు 40 నిమిషాల చొప్పున మూడు విడతలు అనుకోండి. మొదటి విడత చదవడానికి, పేరాల పక్కన రాయడానికి. రెండోది ప్రశ్నల రకాలు వేసి ముక్కల జవాబులకు. మూడోది మర్నాడు, పుస్తకం మూసి. ఆ తర్వాత మళ్లీ మూసి రాయించడాలకు పదేసి నిమిషాలు. టైము చాలకపోతే రెండోదాంట్లో ప్రశ్నలు తగ్గించండి, మూడోదాన్ని మాత్రం తీసేయొద్దు.