కొత్త నర్సింగ్ పిల్లలకు మొదట ఏం నేర్పాలి? మీ అనుభవాలు చెప్పండి

కృష్ణాతీరం_ట్యూటర్:
నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) ఫస్టియర్‌కి ట్యూటర్‌ని. వచ్చే వారం మా బ్యాచ్ మొదటిసారి వార్డు పోస్టింగ్‌కి వెళ్తోంది. ప్రతి ఏడూ ఈ సమయానికి ఒకటే ప్రశ్న నన్ను తొలిచేస్తుంది. బెడ్ మేకింగ్, టీపీఆర్ (జ్వరం, నాడి, ఊపిరి చూడటం), బీపీ, స్పాంజ్ బాత్, అన్నీ స్టెప్పుల వారీగా చెప్తాం, ట్రే సెట్ చేయిస్తాం, మార్కులు వేస్తాం. గుక్క తిప్పుకోకుండా స్టెప్పులన్నీ అప్పజెప్పే అమ్మాయి వార్డులోకి వెళ్లాక పేషెంట్ మొహం చూడదు. పోయినేడాది ఒక అమ్మాయి వెనక నిలబడి గమనించాను. ఏడు బెడ్లు, చార్టులో ఊపిరి లెక్క ఏడుగురికీ నిమిషానికి 20. చేతికి వాచీ ఉంది, ఒక్కసారి కూడా దానివైపు చూడలేదు. అడిగితే "సీనియర్ అక్కలు అలాగే రాయమన్నారు మేడమ్" అంది. తప్పు ఆ పిల్లది అనుకోను. గడి నిండితే చాలు అని నేర్పింది మనమే. మీరైతే ఎక్కడి నుంచి మొదలుపెడతారు?

వార్డు_ఇన్‌ఛార్జ్:
మేడమ్, ఆ 20 సంగతి నాకు బాగా తెలుసు. 22 ఏళ్లుగా సర్జికల్ వార్డుల్లో ఉన్నాను.

కొన్నేళ్ల కిందట ఒక సెకండియర్ అమ్మాయి నా దగ్గరకొచ్చి, పొట్ట ఆపరేషన్ అయిన మూడో రోజు పేషెంట్‌కి ఊపిరి 34 ఉందని చెప్పింది. బీపీ బాగానే ఉంది, జ్వరం 99.4. నేను డిశ్చార్జ్ పేపర్ల హడావిడిలో ఉండి "సరిగ్గా లెక్కపెట్టి ఏడువు" అని కసిరాను. వెళ్లి మళ్లీ లెక్కపెట్టి వచ్చింది. "34 సిస్టర్." గొంతు వణుకుతోంది, కానీ అంకె మార్చలేదు. వెళ్లి చూస్తే ఆయన మాట మాటకీ ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. డ్యూటీ డాక్టర్‌ని పిలిచాం, ఎక్స్‌రేలో న్యుమోనియా. ఆక్సిజన్, యాంటీబయాటిక్స్ వెంటనే మొదలయ్యాయి, మనిషి నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. పెద్దవాళ్లలో మామూలుగా నిమిషానికి 12 నుంచి 20. లోపల తేడా చేస్తే చాలాసార్లు బీపీ పడిపోకముందే ఊపిరి పెరుగుతుంది. మనం లెక్కపెట్టకుండా వదిలేసేది కూడా దాన్నే.

ఆ అమ్మాయి నా కసురుకి భయపడి 20 అని దిద్దుకుని ఉంటే? ఇప్పటికీ ఆ ఆలోచన వస్తే గుండె ఝల్లుమంటుంది. అందుకే నా మాట ఇది: తనకు కనిపించింది కనిపించినట్టు చెప్పే ధైర్యమే మొదటి పాఠం. పిల్లలకు ఆ ధైర్యం ఉండాలంటే ముందు మా ఇన్‌ఛార్జులం తిట్టడం మానాలి.

స్టెప్పులు_కూడా_కావాలి:
బీఎస్సీ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఒక విషయంలో జాగ్రత్తపడాలండి, స్టెప్పుల్ని మరీ తక్కువ చేయొద్దు. కొత్త నర్సు నిపుణురాలిగా ఎదిగే ఐదు దశల గురించి అమెరికా నర్సింగ్ టీచర్ ప్యాట్రీషియా బెన్నర్ 1984లో చెప్పింది మనమంతా చదువుకున్నదే. కొత్తగా వచ్చినవారికి రూల్సే ఊతకర్ర. ఇరవై ఏళ్ల సిస్టర్ గుమ్మంలోంచే చూసి "ఈయన బాలేడు" అంటుంది, ఫస్టియర్ పిల్లకి ఆ చూపు ఎక్కడి నుంచి వస్తుంది? మందు ఇచ్చేటప్పుడు సరైన పేషెంట్, మందు, డోసు, మార్గం (నోటితోనా, ఇంజెక్షన్‌గానా), టైము, ఈ ఐదూ నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. నేను చేసేదల్లా ప్రతి స్టెప్పు పక్కనా "ఎందుకు" అని రాయించడం. ఎందుకో తెలిస్తే పిల్లలు దాన్ని దాటేయరు.

నైట్‌డ్యూటీ_థర్డియర్:
నేను స్టూడెంట్‌ని. మీరంతా పెద్దవాళ్లు, తప్పుగా అనుకోవద్దు. లెక్కపెట్టాలని మాకూ ఉంటుంది. మా పోస్టింగ్‌లో నైట్ ఒక స్టాఫ్, మేమిద్దరం, 40 మంది పేషెంట్లు. క్లినికల్‌లో ఒక స్టూడెంట్‌కి ముగ్గురు పేషెంట్లు అని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఒక్కొక్కరికి నిండా నిమిషం చూస్తే 40 నిమిషాలు ఊపిరికే. మమ్మల్ని పని మనుషుల లెక్కలో వేసినన్నాళ్లూ గడులు అలాగే నిండుతాయి మేడమ్.

లీడ్స్_నుంచి_అక్క:
చెల్లీ, నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంగ్లండ్‌లో స్టూడెంట్‌ని స్టాఫ్ లెక్కలో వేయరు. నేర్చుకోవడానికి వచ్చిన మనిషి అన్నది ఇక్కడి మూలసూత్రం. ఆచరణలో అన్ని వార్డుల్లోనూ అలాగే జరుగుతుందని చెప్పను, కానీ రూలు అంటూ ఉంది కాబట్టి స్టూడెంట్ నోరు తెరిచి అడగగలదు. ఇక్కడ ఊపిరి 25 గానీ అంతకు మించి గానీ ఉంటే, పేషెంట్ పరిస్థితి దిగజారుతోందేమో పట్టుకునే వార్నింగ్ స్కోరులో ఆ ఒక్క దానికే 3 పడుతుంది, సీనియర్‌కి చెప్పి తీరాలి.

ఇంకోటి. ఇక్కడికొచ్చిన కొత్తలో ప్రాక్టికల్ పరీక్షలో నేను మొదటిసారి ఫెయిలయ్యాను. చేతిపని అంతా బాగానే చేశా. మందు ఇచ్చే ముందు పేషెంట్ పేరు, పుట్టిన తేదీ ఆయన నోటితోనే చెప్పించుకోలేదు, ఎలర్జీలు అడగలేదు. మన దగ్గర "మూడో బెడ్" అంటే చాలు కదా, ఆ అలవాటే.

కృష్ణాతీరం_ట్యూటర్:
అందరికీ చాలా థ్యాంక్స్. నైట్‌డ్యూటీ అమ్మా, నీ మాట మా ప్రిన్సిపల్ మేడమ్ దగ్గర గట్టిగా ఎత్తుతాను. ఈసారి మొదటి వారం చార్టులు ముట్టుకోనివ్వను. ఒక్కొక్కరు ఒకే పేషెంట్ దగ్గర గంటసేపు కూర్చుని, పేరు, ఊరు, రాత్రి నిద్ర పట్టిందా, ఏం తిన్నారు, అన్నీ అడగాలి. తర్వాత నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని ఊపిరి లెక్కపెట్టాలి, చెప్పి లెక్కపెడితే మనిషి ఊపిరి తీరు మార్చేస్తాడు కాబట్టి. లెక్కపెట్టకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయమంటాను.

వార్డు_ఇన్‌ఛార్జ్:
ఖాళీ గడి వదిలితే మా వార్డులో ఎవరూ తిట్టకుండా నేను చూసుకుంటా.

నైట్‌డ్యూటీ_థర్డియర్:
మేడమ్, మధ్యలో పేషెంట్ మాట్లాడితే?

వార్డు_ఇన్‌ఛార్జ్:
మాట్లాడనివ్వు, బదులివ్వు. ఆయన ఆగాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టు, నిండా నిమిషం.