నాన్న వదిలి వెళ్లిన తుపాకీని ఏం చేయాలి?

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పోయిన నెల మా నాన్న కాలం చేశారు. ఆయన పేరున లైసెన్సు ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటి అటక మీది పెట్టెలో, పాత పంచెలో చుట్టి ఉంది. పక్కనే ఏడు తూటాలు. ఇత్తడి అడుగుకు పచ్చగా చిలుము పట్టింది. గొట్టంలో తూటా ఉందో లేదో తెలియక నేను దాన్ని తాకలేదు. గదికి తాళం వేశాను, ఇంట్లో పిల్లలున్నారు మరి.

మా చిన్నాన్న మాత్రం వేరుశనగ చేలో అడవి పందులు పడుతున్నాయి, తనకిమ్మంటున్నాడు. లైసెన్సు ఆయనది కాదు, పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పందిని కాల్చడమూ నేరమే. చెబితే వింటేగా!

1959 ఆయుధ చట్టం ప్రకారం దీన్ని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గరో అప్పగించాలని చదివాను. ఇప్పటికే నెల దాటింది. నేనే పట్టుకెళ్తే దారిలో ఇబ్బందా, లేక ముందు పోలీసులకు చెప్పి ఇంటికే రమ్మనాలా? తర్వాత వారసుడిగా నా పేరున లైసెన్సు అడగాలంటే అక్కచెల్లెళ్ల సమ్మతి పత్రం కూడా జతచేయాలా? ఈ పని చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే చెప్పండి.