ఫోను చూపించి తినిపించడం: తప్పా, తప్పనిసరా?

చిన్నారి అమ్మ:
మా పాపకు 16 నెలలు. మొన్నటిదాకా ఏది పెట్టినా తినేది. ఇప్పుడు చెంచా చూస్తేనే మొహం తిప్పేస్తోంది. ఫోనులో బొమ్మల వీడియో పెడితే మాత్రం గిన్నె ఖాళీ అవుతుంది. కడుపు నిండటమే ముఖ్యం అంటారు అత్తగారు. మా వారు ఫోను వద్దంటారు. రోజూ తినిపించే వేళకు ఇంట్లో గొడవే. పస్తు పడుకోబెట్టడం కంటే ఫోను మేలని నా ఉద్దేశం. కాదనేవారు కారణం చెప్పండి.

రాత్రి డ్యూటీ నాన్న:
నేను మీ వైపే. సలహాలు చెప్పేవాళ్లు మన ఇంటికి వచ్చి ఆ అరగంట బిడ్డను పట్టుకోరు.

ఇద్దరు పిల్లల తల్లి:
కారణం అడిగారు కాబట్టి చెబుతున్నాను. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని.

ఈ వయసులో తిండి తగ్గడం చాలామంది పిల్లల్లో మామూలే. మొదటి ఏడాది నిండేసరికి బిడ్డ బరువు పుట్టినప్పటికంటే దాదాపు మూడు రెట్లు అవుతుంది. రెండో ఏడాదంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించాక ఆకలీ తగ్గుతుంది. మనం మాత్రం పాత లెక్కే మనసులో పెట్టుకుని గిన్నె మిగిలిందని కంగారు పడతాం.

ఫోను ఆకలిని పెంచదు. కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలియనివ్వదు, అంతే. కళ్లు తెర మీద ఉంటే, చెంచా తగలగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. రుచి మీద, నమలడం మీద ధ్యాస ఉండదు. చాలని తల తిప్పదు. మాటలు రాని బిడ్డ "ఇక చాలు" అని చెప్పేది ఆ తల తిప్పడంతోనే. దాన్నీ మనం లాగేసుకుంటున్నాం. నాకు బాధగా ఉండేది అక్కడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం ఏడాది వయసు పిల్లలకు తెర వద్దు. రెండేళ్లు వచ్చాక కూడా రోజుకు గంట దాటకూడదు. పూటకు అరగంట చొప్పున చూపించినా మూడు పూటలకు గంటన్నర! ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి నాకు నచ్చుతుంది. ఏం పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దల ఇష్టం. ఎంత తినాలో, అసలు తినాలో వద్దో బిడ్డ ఇష్టం. ఈ రెండో మాట ఒప్పుకోవడానికే మనకు మనసు రాదు.

రాత్రి డ్యూటీ నాన్న:
మా చిన్నవాడు నెలలు నిండకుండా పుట్టాడు. బరువు పెరగక, ప్రతి పూటా ఎంత తిన్నాడో రాసిపెట్టమన్నారు వైద్యులు. వాడి ఇష్టానికి వదిలేస్తే రెండు చెంచాలతో ఆపేసేవాడు. ఫోను లేకపోతే ఆ రోజులు ఎలా గడిచేవో నాకు తెలియదు. తల్లిని తప్పు పట్టే ముందు ఆ ఇంట్లో ఆమెకు సాయం చేసేవారు ఎవరున్నారో అడగండి.

అమ్మమ్మ:
ఫోన్లు లేనప్పుడూ చెట్టు మీది పిట్టను చూపించి ముద్ద పెట్టినవాళ్లమే. కానీ అమ్మాయ్, పిట్ట ఎగిరిపోయాక బిడ్డ మళ్లీ మన మొహమే చూసేది. కబుర్లు చెప్పుకునేవాళ్లం.

ఇద్దరు పిల్లల తల్లి:
వైద్యులు బరువు చూస్తూ ఉన్న బిడ్డ సంగతి వేరు. బరువు తగ్గుతున్నా, తింటుంటే తరచూ పొలమారుతున్నా వైద్యులనే అడగాలి, మమ్మల్ని కాదు. ఇక సాయం సంగతి. ఒంటరిగా నెట్టుకొస్తున్న తల్లిని నేను ఎప్పుడూ తప్పు పట్టను. తినిపించడం ఆమె ఒక్కదాని పని అనుకునే ఇంటినే తప్పు పడతాను.

చిన్నారి అమ్మ:
పోయిన నెల తూచినప్పుడు బరువు వయసుకు తగ్గట్టే ఉందన్నారు. కానీ ఫోను తీసేస్తే ఏడ్చి గోల చేస్తుంది. అత్తగారికి ఏమని చెప్పను?

ఇద్దరు పిల్లల తల్లి:
ముందు ఒక్క పూటే మానండి, ఇంట్లో అందరూ ఉండే పూట. మీతోపాటు కూర్చోబెట్టి, కొంచెమే పెట్టి, చేత్తో తిననివ్వండి. ఒలకబోస్తుంది, పోయనివ్వండి. మీరు పక్కనే ఉండండి. ఇరవై నిమిషాల్లో తినకపోతే బలవంతం చేయకుండా తీసేయండి. మధ్యలో పాలు, చిరుతిండి మాటిమాటికీ ఇస్తుంటే తిండి వేళకు ఆకలి ఉండదు. రెండు మూడు గంటల ఎడం ఉంచండి. ఒకసారి ఉమ్మేసిందని ఆ రుచి వదిలేయకండి. పదిసార్లు పెట్టాక ఇష్టపడే పిల్లలున్నారు. అత్తగారికి బరువు పట్టిక చూపించండి, ఆవిడ భయమూ పాప మీద ప్రేమే. మీ వారు వద్దంటున్నారన్నారు కదా, ఆ పూట తినిపించడం ఆయనకే అప్పగించండి.

రాత్రి డ్యూటీ నాన్న:
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. బరువు తగ్గుతున్న బిడ్డ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.